నువ్వుల కోతకు వెళ్ళిన తమ్ముడు

మామా పోయిందని రాజన్న ఫోన్ చేసినప్పుడు నేను షార్జా రోలాలో ఒక మలయాళీ వాళ్ళింట్లో చేపలు కడుగుతున్నాను. మామా అంటే మనకి మేనమామ గుర్తొస్తాడు గానీ, అరబ్బీ ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఆ పిలుపు ఇంటి పెద్దావిడకి. బనియాస్‌లో నేను మొట్టమొదట పనికి కుదిరిన ఇంటికి ఆవిడే పెద్ద. రాజన్న ఆ ఇంటి డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. "చెల్లె, ముసలామె పొద్దుగాల్ల పాణం ఇడిశింది. మూడొద్దులు ఆడోళ్ళు అచ్చి కూసుంటరు. నువ్వు గూడ అస్తె బాగుంటది. అల్మాజ్ నిన్ను అడుగుతున్నది" అన్నాడు. అల్మాజ్ నన్ను ఎందుకు అడుగుతుందో నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆ ఇంటి వైపు వెళ్ళకుండా తప్పించుకున్నది కూడా అందుకే.

ఇక్కడ మా వాళ్ళని ఎవరినైనా నీకెన్నేళ్ళని అడిగితే, పుట్టిన దగ్గర్నుంచి కాదు, విమానం దిగిన దగ్గర్నుంచి చెబుతారు. "నాకు పదకొండేళ్ళండి", "మా వదినకి పద్దెనిమిది" అంటారు. ఆ లెక్కన బనియాస్ ఇల్లే నా చిన్నతనం. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నరసాపురం దగ్గర మా ఊళ్ళో చర్చి బడి పిల్లలకి వండిపెట్టేదాన్ని. బడి మూసేశాక, మా పక్కూరి ఆవిడ వీసా చూస్తే బయల్దేరి వచ్చాను. దిగిన మూడు వారాలకి కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇంటి గేటు మూసేశారు. అలా మూసిన గేటు లోపల, నడవడం నేర్చుకునే పిల్లలా, ఒక కొత్త భాష, కొత్త వంట, కొత్త వాసనలు నేర్చుకున్నాను.

ఆ ఇంటికి పొద్దున్న ఒక వాసన, మధ్యాహ్నం ఒక వాసన, సాయంత్రం ఒక వాసన ఉండేవి. పొద్దున్నే మామా కోసం ఏలక్కాయలు దంచి వేసిన గహ్వా, అంటే అరబ్బుల కాఫీ. మధ్యాహ్నం ఎండునిమ్మకాయలు వేసిన మాంసం కూర. సాయంత్రం నిప్పుల మీద అగరు చెక్క వేసి, ఆ పొగ గదిగదికీ తిప్పేవాళ్ళు. మామా తన ముసుగు అంచు ఎత్తి పొగ లోపలికి పట్టుకునేది. ఉతికిన బట్టలు ఇస్త్రీ అయ్యాక కూడా ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. సూపర్ మార్కెట్ నుంచి వచ్చిన బియ్యం సంచీలో రాయి అన్నది ఉండదు. అయినా రోజూ ఒక పళ్ళెం బియ్యం తన ఒళ్ళో పోయించుకుని ఏరేది. చిన్నప్పుడు పడవ మీద వచ్చే బియ్యంలో సగం రాళ్ళే ఉండేవనీ, ఉప్పునీళ్ళే తాగేవాళ్ళమనీ చెప్పేది. "మీరేం చూశారు కష్టం" అని మమ్మల్ని ముగ్గురినీ చూసి నవ్వేది. మమ్మల్ని బనాత్ అనేది. ఆడపిల్లలూ అని. ముగ్గురికీ కలిపి ఒకటే పిలుపు.

నేను కాక మిగతా ఇద్దరూ ఇథియోపియా వాళ్ళు. అల్మాజ్‌కి అప్పుడు ముప్పై ఆరేళ్ళుంటాయి. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పాతకాపు. పొడుగ్గా ఉండేది, నడుస్తుంటే నెత్తి మీద బిందె ఉన్నట్టు మెడ కదిలేది కాదు. తిర్హాస్‌కి ఇరవై మూడు. ఆ పిల్ల వచ్చిన కొత్తలో మిక్సీ చప్పుడికి ఏడ్చేసేదట. అల్మాజే దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కో మిషన్ పేరూ, ఒక్కో అరబ్బీ మాటా నేర్పింది. తిర్హాస్ ఇంట్లో మాట్లాడే భాష వేరు. అల్మాజ్ భాష అమ్హారిక్. తిర్హాస్ బడిలో అమ్హారిక్ చదువుకుంది కాబట్టి ఇద్దరూ అందులోనే మాట్లాడుకునేవాళ్ళు. నాతో మాత్రం వంటింటి అరబ్బీ, మధ్యలో హిందీ. ఆ మాటల్నే ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. నా పేరు సువార్త అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి నోరు తిరగలేదు. సువా అనేవాళ్ళు.

వాళ్ళిద్దరిదీ మాలాగే క్రీస్తు మతం. అయితే చాలా పాతకాలం నాటి పద్ధతి. బుధవారం, శుక్రవారం మాంసం, పాలు ముట్టరు. మా ఊళ్ళో యోహాను ఉన్నట్టే వాళ్ళ ఊళ్ళలో యోహన్నెస్, మా దావీదు వాళ్ళకి దావిత్. ఈ పోలికలు చూసి నేను సంబరపడిపోయేదాన్ని. ఇద్దరూ ఒకే రోజు ఉపవాసం, ఒకే రోజు పండగ, ఒకేలాంటి అంచున్న తెల్ల వస్త్రం తల మీద. ఇద్దరి మధ్యా నేను చూసిన తేడా ఒక్కటే, తిర్హాస్ నుదుటి మీద సన్నని పచ్చబొట్టు సిలువ.

మధ్యాహ్నం నమాజు అయ్యి ఇల్లు సద్దుమణిగాక, వెనక దొడ్లో బట్టలారేసే చోట వాళ్ళ కాఫీ మొదలయ్యేది. అది కప్పులో పోసుకుని తాగేసే కాఫీ కాదు. పచ్చి గింజలు కడిగి, చిన్న పెనం మీద వేయించి, పొగలు వస్తుంటే ఆ పెనం తెచ్చి ఒక్కొక్కరి మొహం ముందు తిప్పేవాళ్ళు. చేత్తో ఆ పొగ మన వైపు లాక్కోవాలి. తర్వాత దంచి, సన్న మెడ మట్టి కూజాలో కాచేవాళ్ళు. మూడు విడతలు తాగాలి. మొదటిది చిక్కగా, రెండోది పలచగా, మూడోది ఇంకా పలచగా. ఆ మూడోదాన్ని దీవెన అంటారు. అది తాగకుండా లేస్తే ఇంటికి మంచిది కాదని అల్మాజ్ నన్ను భుజం పట్టి కూర్చోబెట్టేది. ఆ వాసనకి మామా కర్ర పట్టుకుని మెల్లిగా దొడ్లోకి వచ్చేది. మా గహ్వా ముందు మీదెంత అంటూనే ఒక కప్పు పుచ్చుకునేది. బయట జనం చచ్చిపోతున్నారని టీవీలో చెబుతుంటే, ఆ దొడ్లో మేం నలుగురం ఆడవాళ్ళం మొక్కజొన్న పేలాలు నములుతూ కూర్చునేవాళ్ళం. నా బతుకులో అంత నెమ్మదైన రోజులు అంతకు ముందూ లేవు, తర్వాతా లేవు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అల్మాజ్ పెద్ద తమ్ముడు యోహన్నెస్ పని వెతుక్కుంటున్నాడు. వాళ్ళ వైపు కుర్రాళ్ళు ఏటా నువ్వుల కోతకు పడమటి పల్లానికి కూలికి వెళ్తారు. ఆ పల్లం తిర్హాస్ వాళ్ళది. వాళ్ళకి అక్కడ నువ్వుల చేలున్నాయి, ఇంటి వెనక ధాన్యపు కొట్టుంది. మాటల్లో ఈ సంగతి వచ్చేసరికి తిర్హాస్ ఎగిరి గంతేసింది. "బయట గుడిసెల్లో ఎందుకు పడుకోవడం? మా ఇంట్లోనే ఉంటాడు. నాన్నకి చెబుతాను" అంది. చెప్పింది. కొద్ది రోజులకి వాళ్ళ నాన్న వీడియో కాల్ చేశాడు. తెల్ల గడ్డం, తలకి గుడ్డ. పక్కన యోహన్నెస్, ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో. ఇద్దరూ ఒకే పళ్ళెంలో ఇంజెరా తింటున్నారు. అది మన దోశ లాంటిది, పులుపు ఎక్కువ. ముసలాయన ముద్ద చుట్టి ఆ కుర్రాడి నోట్లో పెట్టి, ఫోను వైపు చూసి ఏదో అన్నాడు. అల్మాజ్ కళ్ళు తుడుచుకుంది. ఏమన్నాడని అడిగాను. "నీ తమ్ముడు నా కొడుకే అంటున్నాడు" అంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే తిర్హాస్ ఫోను మోగడం మానేసింది. ఒక రోజు సిగ్నల్ లేదనుకున్నాం. మర్నాడు టీవీలో వాళ్ళ దేశం పటం చూపించి, ఉత్తరాన ఒక ముక్కకి ఎర్రరంగు వేశారు. ఢిల్లీ లాంటి వాళ్ళ రాజధానిలో ఉన్న ప్రభుత్వానికీ, తిర్హాస్ వాళ్ళ రాష్ట్రాన్ని ఏలే పార్టీకీ యుద్ధం మొదలైంది. ఆ రాష్ట్రానికి ఫోన్లు, కరెంటు, బ్యాంకులు అన్నీ తెంపేశారు. అల్మాజ్ వాళ్ళ వైపు మనుషులు ప్రభుత్వం పక్షాన తుపాకులు పట్టారు.

ఎందుకు మొదలైందని నేను ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. అల్మాజ్ ఇలా చెప్పింది: "ఇరవై ఏళ్ళకు పైగా దేశం మొత్తాన్ని వాళ్ళ పార్టీయే ఏలింది. మా నోళ్ళు కట్టేసింది. ఆ నువ్వుల నేల మా తాత కాలంలో మా వైపుది. వాళ్ళు గద్దెనెక్కగానే గీత జరిపి తమలో కలుపుకున్నారు. గద్దె దిగాక కూడా ఆ పొగరు పోలేదు. ముందు వాళ్ళే సైన్యం మీద పడ్డారు." తిర్హాస్ ఇలా చెప్పింది: "ఏలిన వాళ్ళు రాజధానిలో మేడలు కట్టుకున్నారు, మా నాన్నకేం ఒరిగింది? మా తాత సమాధి ఆ నేలలోనే ఉంది. కొత్త ప్రభుత్వం మమ్మల్ని వంగి దణ్ణం పెట్టమంది. పెట్టలేదు. సైన్యాన్ని పంపింది. ముందు పడింది వాళ్ళే." ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు లేదు. రాజన్నని అడిగితే కారు తుడుస్తూ, "మా దిక్కోళ్ళకు మీ దిక్కోళ్ళకు గూడ లొల్లి కాలేదా చెల్లె? నీళ్ళు, నౌకర్లు, నేల. గిట్లనే షురువైతది. మనకాడ పోరగాళ్ళు తమ పాణాలు తీసుకున్నరు గని, ఒగల్నొగలు సంపుకోలె. గంతే ఫరక్" అన్నాడు. గుడ్డ పిండి మళ్ళీ, "ఆ ఫరక్ ఎన్నడు సన్నగైతదో ఎవనికెర్క" అన్నాడు.

మూడో వారమో నాలుగో వారమో, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే దొడ్లోంచి కేక వినిపించింది. అల్మాజ్ గచ్చు మీద కూలబడి రెండు చేతులతో గుండెలు బాదుకుంటోంది. ఫోను పక్కన పడి ఉంది, అందులో ఎవరో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వుల కోతకు వెళ్ళిన కూలీల మీద అక్కడి కుర్రాళ్ళు కర్రలతో, కత్తులతో పడ్డారట. అల్మాజ్ వైపు మనిషి అని తెలిస్తే చాలు. ఏరు దాటి పారిపోయి వచ్చినవాళ్ళు యోహన్నెస్ శవాన్ని దారిలో చూశామని చెప్పారు. తిర్హాస్ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. చావు కబురు విన్నప్పుడు వాళ్ళ పద్ధతి ప్రకారం వస్త్రాన్ని తిరగేసి కప్పుకుని, ఏడుస్తూ అల్మాజ్ పక్కన కూర్చోబోయింది. అల్మాజ్ తలెత్తి చూసింది. "నీ ఇంటికి పంపాను" అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. తిర్హాస్ అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయింది. నేనెళ్ళి లేపేదాకా లేవలేదు.

మామా అల్మాజ్‌ని మూడు రోజులు పనికి రావద్దంది. తన గదిలోనే చాప వేయించి కూర్చోబెట్టుకుంది. నాలుగో రోజు అల్మాజ్ పనిలోకి వచ్చింది గానీ ఆ రోజు నుంచి తిర్హాస్‌తో అమ్హారిక్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. తిర్హాస్ కూడా ఆ భాష మానేసింది. ఇద్దరూ ఒకరితో ఒకరు పని మాట మాట్లాడాల్సి వస్తే అరబ్బీలో మాట్లాడేవాళ్ళు. అదీ మామా దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కల అరబ్బీ: పళ్ళెం, చీపురు, త్వరగా, ఖలాస్ అంటే అయిపోయింది. తను నేర్పిన భాషలోనే అల్మాజ్ ఆ పిల్లకి పరాయిదైంది. చాలాసార్లు నన్ను మధ్యలో పెట్టేవాళ్ళు. "సువా, ఉప్పు వేసిందేమో అడుగు." "వేశానని చెప్పు." ఇద్దరి మధ్య దూరం రెండు మూరలు. మా గదిలో మూడు మంచాలుండేవి. అల్మాజ్ తన మంచానికి అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. మంచాల వరుసలో నాది మధ్యది, అటూ ఇటూ ఇద్దరి ఊపిరీ వినిపించేది.

దొడ్లో కాఫీ ఆగిపోయింది. కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం మామా కర్ర పట్టుకుని వచ్చి, ఖాళీ గచ్చు చూసి, "బనాత్, ఇవాళ వాసన రాలేదేం?" అంది. "ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే దేవుడు, ఒకే ఉపవాసం కదా" అని నన్ను అడిగింది. అవునన్నాను. "మరి?" అంది. ఆవిడ లోపలికి వెళ్ళి, బియ్యం పళ్ళెం తెమ్మంది.

తిర్హాస్ మాత్రం రోజూ పొద్దున్నే ఇంటికి ఫోన్ కలిపేది. కలవదని తెలుసు. అయినా మిద్దె మీదకెళ్ళి, నాన్న నంబరు, అమ్మ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు, చర్చి పూజారి నంబరు వరసగా నొక్కి, దిగి వచ్చి పనిలో పడేది. నెలలు గడిచాయి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం తనే నన్ను మిద్దె మీదకి పిలిచింది. సూడాన్ నంబరు నుంచి ఫోన్ వచ్చిందట. తల్లి ఏరు దాటి సూడాన్‌లో ఒక శరణార్థుల గుడారంలో ఉంది, ఇద్దరు చిన్నపిల్లలతో. ఇల్లు చేజారింది. అల్మాజ్ వైపు సాయుధులు ఊరు పట్టుకున్న రోజున నాన్నని ఇంట్లోంచి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు. ఆ మాట చెప్పి తిర్హాస్ ఆరేసిన దుప్పటి తీసి మడతపెట్టింది. తర్వాత, "యోహన్నెస్ సంగతి కూడా చెప్పింది" అంది.

కూలీల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలియగానే తిర్హాస్ నాన్న ఆ కుర్రాణ్ణి ధాన్యపు కొట్టులో నువ్వుల బస్తాల వెనక దాచాడు. రెండు రోజులు దాచాడు. మూడో రోజు పొద్దున్న పక్క వీధిలో కూలీని దాచిన ఇంటికి నిప్పు పెట్టారు. లోపల ఇంటివాళ్ళు ఉండగానే. అప్పుడాయన కొట్టు వెనక తలుపు తీసి, ఏటి వైపు పరుగెత్తమని యోహన్నెస్‌ని పంపేశాడు. వాడు వెళ్ళనన్నాడట. ముసలాయన వాడి చేతులు పట్టుకుని, నాకు చిన్న పిల్లలున్నారు అన్నాడట. వాడు వెళ్ళాడు. తిర్హాస్ తల్లి చూసిన చివరి చూపు, వాడు తెల్ల చొక్కాతో చేను గట్టు మీద నడుచుకుంటూ పోవడం. పరుగెత్తితే అనుమానం వస్తుందని నడిచాడు కాబోలు.

"అల్మాజ్‌కి చెబుదాం తిర్హాస్. దాచారని తెలియాలి కదా" అన్నాను.

"రెండు రోజులు దాచారన్నది వింటుందా? మూడో రోజు గెంటేశారన్నదే వింటుంది" అంది. "మా నాన్నే చంపాడంటుంది. ఇప్పుడు మా నాన్న కూడా లేడు. నువ్వు చెప్పకు. సిలువ మీద ఒట్టు."

ఒట్టు వేశాను. ఆ రోజు తిర్హాస్ పని చేయలేకపోయింది. ఎందుకని అల్మాజ్ అడగలేదు. కానీ మధ్యాహ్నం చూస్తే, తిర్హాస్ ఉతకాల్సిన బట్టలన్నీ ఉతికి, తాడు మీద ఆరేసి ఉన్నాయి. వాళ్ళిద్దరూ దగ్గరికి రావడమంటే నేను చూసినంతలో అదొక్కటే.

అల్మాజ్ చిన్న తమ్ముడు దావిత్ అన్న చావుకి బదులు తీర్చుకుంటానని సాయుధుల్లో చేరాడు. తుపాకి పట్టుకున్న ఫొటోలు పంపేవాడు. ఒకసారి అల్మాజ్ వంటింట్లో నాకు ఒక ఫొటో చూపించింది. దావిత్ ఒక ఇంటి ముందు నిలబడ్డాడు. ఆకుపచ్చ తలుపులు, పక్కన మట్టిగోడ కొట్టు. అన్న చివరిదాకా ఉన్న ఇల్లు ఎక్కడో వెతుక్కుంటూ వెళ్ళాడట. ఖాళీగా ఉంటే తనకే ఇచ్చారట. "ఇప్పుడు అది మళ్ళీ మా నేల" అంది. తిర్హాస్ నా వెనక గిన్నెలు తుడుస్తోంది. తను ఎప్పుడు వచ్చి నా భుజం మీదుగా చూసిందో నాకు తెలియదు. తన ఇల్లు చూసింది. దాదాపు ఏడాది తర్వాత మొదటిసారి అల్మాజ్‌తో అమ్హారిక్‌లో ఒక మాట అని, గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. అల్మాజ్ ఫోను బోర్లించి పెట్టింది. ఏమందని అడిగాను. చెప్పింది: "కొట్టులో కుడివైపు గోడ చెమ్మ పడుతుందట. బస్తాలు అటు పెట్టొద్దని మా తమ్ముడికి చెప్పమంది."

మరుసటి ఏడాది చివర్లో రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయని, యుద్ధం అయిపోయిందని టీవీలో చెప్పారు. ఫోన్లు మెల్లిగా కలిశాయి. తిర్హాస్ పెద్ద ఊళ్ళో ఉన్న మేనత్తకి ఫోన్ చేస్తే, బతికున్నవాళ్ళ పేర్లకన్నా పోయినవాళ్ళ పేర్లు చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. నువ్వుల నేల మాత్రం దావిత్ వాళ్ళ చేతుల్లోనే ఉంది. వెళ్ళడానికి ఇల్లు లేక, కాంట్రాక్టు అయ్యాక తిర్హాస్ సూడాన్‌లో తల్లి దగ్గరికి వెళ్తానంది. రాజన్న, నేను ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాం. బయల్దేరే ముందు తిర్హాస్ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. అల్మాజ్ వెనక్కి తిరగకుండా పిండి కలుపుతూనే ఉంది. "ఖలాస్?" అంది తిర్హాస్ అరబ్బీలో. "ఖలాస్" అంది అల్మాజ్. రెండు మూడు నెలల్లో సూడాన్‌లోనూ ఇద్దరు సేనాధిపతులు కొట్టుకుని యుద్ధం మొదలైంది. తిర్హాస్ నంబరుకి నేను పంపిన సందేశాలు ఈ రోజుకీ చేరలేదు. ఆ వేసవిలోనే నేను బనియాస్ వదిలేసి షార్జా వచ్చేశాను. జీతం కోసమని అందరికీ చెప్పాను. నిజానికి అల్మాజ్ ఎదురుగా ఒట్టు మోయలేక వచ్చేశాను.

మామా పరామర్శకి వెళ్ళిన రోజు ఇల్లంతా నల్లని ముసుగుల ఆడవాళ్ళు. అల్మాజ్ గహ్వా కప్పులు తిప్పుతోంది. జుట్టు సగం తెల్లబడింది. మెడ మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి కళ్ళతోనే దొడ్లోకి రమ్మంది. మా గదిలో ఇప్పుడు ఉగాండా పిల్లలిద్దరు ఉంటున్నారు. వాళ్ళ తలగుడ్డలు తాడు మీద ఆరుతున్నాయి. అదే గచ్చు మీద కూర్చున్నాం. అల్మాజ్ తన అమ్మ పోయిందని చెప్పింది. నలభై రోజులకి గానీ కబురు అందలేదట, ఎందుకంటే ఇప్పుడు ప్రభుత్వం అల్మాజ్ వాళ్ళ వైపు ఫోన్లు తెంపేసింది. "అప్పుడు ప్రభుత్వమే దావిత్‌ని పొగిడి తుపాకి ఇచ్చింది. ఇప్పుడు ఆ తుపాకి తిరిగి ఇచ్చెయ్యమంది. ఇవ్వనన్నాడు. కొండల్లోకి పోయాడు. అదే సైన్యంతో కొట్లాడుతున్నాడు" అంది. ఇదంతా వేరే ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"సువా, ఆ రోజు మిద్దె మీద తిర్హాస్ నీకేదో చెప్పింది. కింద నుంచి చూశాను. నా తమ్ముడి సంగతే కదా?"

ఇక ఒట్టు ఎవరి కోసమని చెప్పేశాను. కొట్టు, బస్తాలు, రెండు రోజులు, వెనక తలుపు, తెల్ల చొక్కా. ఆయన్ని కూడా తీసుకెళ్ళిపోయారన్నది కూడా చెప్పాను. అయ్యాక అల్మాజ్, "రెండు రోజులూ ఏం తిన్నాడో చెప్పిందా?" అని అడిగింది. చెప్పలేదన్నాను.

"మా అమ్మ చివరి ఊపిరి దాకా ఆ ముసలాయన్ని శపించింది" అంది. మళ్ళీ తనే, "దావిత్ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింట్లో ఒక ముసలి దంపతులు మిగిలి ఉన్నారట. మా అన్నని ఈ ఇంటివాళ్ళు పట్టిస్తుంటే మీరు చూశారు కదా అని వాళ్ళని నిలదీశాడట. తర్వాత ఏం చేశాడో వాడు చెప్పలేదు. నేను అడగలేదు" అంది.

నేను లెక్క వేసుకున్నాను. తిర్హాస్ నాకు చెప్పింది ఎండాకాలం మొదట్లో. దావిత్ ఆ ఇంటికి వెళ్ళింది ఆ తర్వాత. మధ్యలో కనీసం రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలలూ నేను వాళ్ళిద్దరి మధ్య మంచం మీద, ఒట్టు నిలబెట్టుకున్నానన్న తృప్తితో పడుకున్నాను. అల్మాజ్ కూడా అదే లెక్క వేసి ఉంటుంది. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఫోను తీసి దావిత్ నంబరు కలిపింది. రికార్డు చేసిన ఆడగొంతు అమ్హారిక్‌లో ఏదో చెప్పింది. మొత్తం విని, మళ్ళీ కలిపింది. మళ్ళీ అదే గొంతు. ఈలోపు లోపల్నుంచి మామా కోడలు "అల్మాజ్, గహ్వా!" అని పిలిచింది. అల్మాజ్ లేచి, ముసుగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. నేను బయల్దేరేటప్పుడు వెతికితే ఆడవాళ్ళ మధ్య కప్పులు నింపుతూ కనిపించింది గానీ, నా వైపు తిరగలేదు.

రాజన్న నన్ను బస్సు దగ్గర దింపడానికి కారు తీశాడు. దారిలో ఆయనకి అంతా చెప్పాను. "అన్నా, అప్పుడే చెప్పుంటే వాళ్ళిద్దరూ బతికేవారేమో కదా? ఆ ముసలాళ్ళు" అన్నాను.

రాజన్న సిగ్నల్ దగ్గర కారు ఆపాడు. "చెప్పినా గంతే అయితుండె చెల్లె" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు, మంచి మనిషి. షార్జా దాకా కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే నమ్మాలని చూశాను. నమ్మాను కూడా. మా ముగ్గురిలో ఎవరు ఏం చెప్పినా, ఎవరు ఏం దాచినా అంతే అయ్యేదని నమ్మాక, ఇక ఏడవడానికి కూడా ఏమీ మిగల్లేదు.